దండ వేయని పటం

మా అమ్మమ్మగారింట్లో సావడి గోడకి వరసగా నాలుగు పటాలుండేవి. శ్రీరామ పట్టాభిషేకం, పక్కన గాంధీగారు, ఆ పక్కన మా ముత్తాతగారు, చివర్న మిలటరీ దుస్తులూ టోపీ కళ్ళజోడుతో సుభాష్ చంద్రబోసు. శుక్రవారం శుక్రవారం అమ్మమ్మ నాలుగు పటాలూ తడిగుడ్డతో తుడిచేది. రాముడికి మందారాల దండ, గాంధీగారికి నూలుదండ, ముత్తాతగారికి గంధపుచెక్క దండ. బోసుగారికి మాత్రం ఏమీ వుండేది కాదు.

ఇదేం పక్షపాతమని ఓ వేసవి సెలవుల్లో అడిగాను. 1988 అనుకుంటాను, నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

"బతికున్నవాళ్ళ పటానికి దండ వేస్తారుటే? అపచారం!" అంది అమ్మమ్మ, గుడ్డ పిండుతూ.

తరవాతెప్పుడో లెక్కేసి చూసుకున్నాను. నేతాజీ పుట్టింది 1897 జనవరి 23న. అంటే అమ్మమ్మ ఆ మాట అనేనాటికి ఆయనకి తొంభై ఒకటి నిండాలి. 1945 ఆగస్టు 18న ఫార్మోజా దీవిలో విమానం కూలి ఆయన పోయాడని అప్పటికి రెండు విచారణ సంఘాలు తేల్చేశాయి కూడాను. అమ్మమ్మకి ఆ సంగతి తెలియక కాదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. తెలుసు, కానీ నమ్మదు. అంతే.

అమ్మమ్మ ఒక్కతే అయితే ముసలావిడ మూర్ఖత్వం అని నవ్వేసి వూరుకుందును. దేశంలో సగం మంది ఆవిడలాగే వున్నారని తరవాత తెలిసింది. ఒక యుద్ధవిమానం కూలిందన్న కబురు వస్తే, జనం జనమంతా "అబద్ధం" అని ఎందుకన్నారు? బి.ఏ.లో చరిత్ర చదివి, ఆపైన కథలూ నవలలూ రాసుకుంటున్న నాకు ఈ ప్రశ్న ఎప్పుడూ లోపల గుచ్చుకుంటూనే వుండేది.

ముందు ఆ రోజు సంగతి చెప్పుకుందాం. ఆగస్టు 15న జపాను లొంగిపోతున్నట్టు ప్రకటించింది. ఆజాద్ హింద్ ఫౌజు కథ కూడా దాంతో ముగిసినట్టే. అయినా నేతాజీ ఇంగ్లీషువాళ్ళకి చిక్కదలచుకోలేదు. సింగపూరు నుంచి బాంగ్‌కాక్‌కీ, అక్కణ్ణించి 17వ తేదీకి సైగాన్‌కీ చేరాడు. మంచూరియా వైపు వెళ్ళే జపాను బాంబర్ విమానం ఒకటి సిద్ధంగా వుంది. ఒక్క చోటే వుందన్నారు జపాన్‌వాళ్ళు. బతిమాలితే ఇంకొకరికి చోటిచ్చారు. కల్నల్ హబీబుర్ రహమాన్ ఎక్కాడు. మిగతా అనుచరులు సైగాన్‌లో వుండిపోయారు. వాళ్ళలో మన హైదరాబాదువాడు ఆబిద్ హసన్ ఒకడు. 1943లో జర్మనీ నుంచి జలాంతర్గామిలో మూడు నెలలపాటు నేతాజీ వెంట సముద్రం అడుగున ప్రయాణం చేసినవాడు, "జై హింద్" అన్న పలకరింపుని మనకిచ్చినవాడు. అంతదూరం వెంట వచ్చినవాడికి చివరి ప్రయాణంలో చోటు దొరకలేదు. ఆ తరవాత నలభై ఏళ్ళ దగ్గర దగ్గర బతికి, రాయబారిగా పనిచేసి, 1984లో కన్నుమూశాడు. ఆ ఒక్క చోటు గురించి ఎన్ని రాత్రులు ఆలోచించి వుంటాడో పాపం!

మర్నాడు మధ్యాహ్నం తైహోకు విమానాశ్రయంలో, అదే ఇప్పటి తైపే, పెట్రోలు నింపుకుని మళ్ళీ లేచింది విమానం. మనుషులూ సామానూ మోయగలిగిన దానికంటే ఎక్కువే వున్నాయి. కాస్త పైకి లేచిందో లేదో పెద్ద చప్పుడు. ఎడమవైపు ఇంజనూ, ప్రొపెల్లరూ వూడిపడ్డాయి. విమానం నేలకి కొట్టుకుని అంటుకుంది. నేతాజీ ఒంటి మీద పెట్రోలు పడటంతో మంటల్లోంచి నడిచి బయటికొచ్చేసరికి బట్టలు మండుతున్నాయి. హబీబుర్ రహమాన్ చేతులతోనే ఆ మంటలార్పబోయి తనూ కాలాడు. ఆ రాత్రి మిలటరీ ఆసుపత్రిలో నేతాజీ ప్రాణం పోయింది. రెండురోజులకి అక్కడే దహనం. అస్థికలు టోక్యో చేర్చి సెప్టెంబరులో రెంకోజీ అనే చిన్న బౌద్ధాలయంలో వుంచారు. బతికి బయటపడ్డవాళ్ళూ, వైద్యం చేసిన డాక్టరూ చెప్పిన కథ ఇది.

కబురు మాత్రం అయిదు రోజులు దాచి, 23న బయటపెట్టింది జపాను. ఆ అయిదురోజులే సగం కొంప ముంచాయంటాను నేను. యుద్ధకాలంలో సైన్యాలు దేన్నైనా దాచుకోవడం మామూలే. కానీ ఆలస్యంగా వచ్చిన చావుకబురు ఏ ఇంట్లోనైనా అనుమానమే తెస్తుంది కదా.

అమ్మమ్మకి అప్పుడు పన్నెండేళ్ళు, కాకినాడలో వుండేవాళ్ళు. ముత్తాతగారు వీధి అరుగు మీద కూచుని పేపరు పైకి చదివారట. చుట్టూ పదిమంది. చదవడం అయిపోగానే ఆయనే పేపరు మడిచి, "అబద్ధం. పోయినసారి కూడా ఇలాగే చంపేశారు" అన్నారట. ఎవరూ ఏడవలేదట. లోపల మా ముత్తవ్వ మాత్రం ఎందుకైనా మంచిదని దేవుడి దగ్గర దీపం పెట్టింది.

"పోయినసారి" అన్నది వుత్తుత్తి మాట కాదు. 1942 మార్చిలో, టోక్యో వెళుతూ విమానం కూలి బోసు చనిపోయాడని వార్తాసంస్థలు లోకమంతా చాటాయి. నిజంగానే ఆ నెలలో ఒక విమానం కూలింది. టోక్యో సభకి బయల్దేరిన నలుగురు భారతీయులు అందులో పోయారు. బోసు మాత్రం బెర్లిన్‌లో నిక్షేపంగా వున్నాడు. గాంధీగారు ఆయన తల్లి ప్రభావతీదేవికి సంతాపం తెలుపుతూ తంతి పంపారు. తీరా చూస్తే కొడుకే ఆజాద్ హింద్ రేడియోలో తను బతికే వున్నానని స్వయంగా మాట్లాడాడు! గాంధీగారు సంతోషంగా మరో తంతి కొట్టాల్సొచ్చింది. తల్లికి ఒకే నెలలో కొడుకు పోయాడనీ, బతికాడనీ రెండు తంతులు. ఆవిడ 1943 డిసెంబరులో పోయింది కాబట్టి మూడో కబురు వినే అవస్థ తప్పింది.

ఇది ఒక్కటేనా? 1941 జనవరిలో పోలీసుల కాపలాలో వున్న కలకత్తా ఇంట్లోంచి పఠాను వేషంలో మాయమై, ఇటలీ పేరుతో పాస్‌పోర్టు పుచ్చుకుని బెర్లిన్‌లో తేలిన మనిషి. ఒక జలాంతర్గామిలోంచి ఇంకోదానిలోకి నడిసముద్రంలో మారిన మనిషి. అలాంటివాడు విమానం కూలి పోయాడంటే ఎవరు నమ్ముతారండీ? ఆ జపాను విమానాలే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, మా కాకినాడ మీదా బాంబులు వేస్తే, జనం మూటాముల్లే కట్టుకుని పల్లెలకి పరుగెత్తారు. రోజుకో పుకారు తిని బతికిన కాలం అది. ఎవరి రేడియో ఏం చెప్పినా, ఇందులో వాళ్ళ స్వార్థం ఏమిటా అని వెతకడం జనానికి అలవాటైపోయింది.

నమ్మనిది అరుగుల మీది జనమే అనుకోకండి. వైస్రాయి వేవెల్ దొరకీ అనుమానమే. మాయం కాదలచుకున్నవాడు సరిగ్గా ఇలాంటి వార్తే వేయిస్తాడు కదా అని డైరీలో రాసుకున్నాడు. పోలీసు అధికారుల్ని బాంగ్‌కాక్, సైగాన్‌ల దాకా పంపి ఆరా తీయించారు. గాంధీగారంతటివారు కూడా, నేతాజీ బతికే వున్నాడని తన మనసు చెబుతోందన్నారు. 1946లో 'హరిజన్' పత్రికలో ఆ మాట వెనక్కి తీసుకుని, ఆయన లేడన్న సంగతికి మనసు సమాధానపరచుకోమని జనాన్ని కోరారు. జనం గాంధీగారి మొదటి మాట పట్టుకున్నారు, రెండోది వదిలేశారు. మనకి కావలసిన మాటే కదా మనం వింటాం!

హబీబుర్ రహమాన్ కాలిన చేతులతో తిరిగొచ్చి, జరిగిందంతా చెప్పి, కాలిన చేతిగడియారం ఒకటి చూపించాడు. అది పలకల గడియారం. నేతాజీ పెట్టుకునేది గుండ్రటిది కదా అన్నారు ఇంట్లోవాళ్ళు. అంతే, ఆ గడియారం మీద ఎన్ని వాదాలు, ఎన్ని పుస్తకాలు! యుద్ధంలో మనిషి గడియారం మార్చుకోకూడదా అని ఎవరికీ తోచలేదు.

ఇక్కడొక సంగతి. దీని గురించి రాసినవాళ్ళందరూ ఢిల్లీ, తైపే, మాస్కో అంటూ తిరుగుతారు. నాకు మాత్రం వియన్నాలో ఒక వంటిల్లు కనిపిస్తుంది. రష్యన్ సైన్యం వచ్చి నాలుగు నెలలైన, తిండికి కటకటలాడుతున్న వూరు. సాయంత్రం ఎమిలీ షెంకెల్ తల్లితోనూ చెల్లెలితోనూ కూచుని వున్ని దారం వుండలు చుడుతోంది. రేడియోలో వార్తలు వస్తున్నాయి. మధ్యలో, ఇండియా దేశపు క్విజ్లింగ్ సుభాష్ చంద్రబోస్ విమాన ప్రమాదంలో మరణించాడని చదివారు. క్విజ్లింగ్ అంటే శత్రువుతో చేతులు కలిపిన నార్వే ద్రోహి పేరు. తల్లీ చెల్లెలూ నిర్ఘాంతపోయి ఆమె వైపు చూశారు. ఎమిలీ మెల్లిగా లేచి పక్కగదిలోకి వెళ్ళింది. మూడేళ్ళు కూడా నిండని అనిత మంచం మీద నిద్రపోతోంది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది.

మన దేశంలో నలభై కోట్ల మంది నమ్మని ఆ కబుర్ని నమ్మినావిడ ఆమె. అయినా, భార్యని అని పైకి చెప్పుకుని ఏడవడానికి లేదు. 1937లో జరిగిన పెళ్ళి రహస్యం. జర్మనీ వదిలేముందు, 1943 ఫిబ్రవరిలో, తనకి పెళ్ళయిందనీ, కూతురుందనీ అన్నగారు శరత్ బోసుకి బెంగాలీలో వుత్తరం రాసి ఆమె చేతిలో పెట్టాడు నేతాజీ. శరత్‌బాబు 1948లో భార్యతో సహా వియన్నా వెళ్ళి తల్లీకూతుళ్ళని గుండెలకి హత్తుకున్నాడు. ఇక్కడ మాత్రం, ఆ మహానుభావుడికి పెళ్ళేమిటని చావునే కాదు, పెళ్ళిని కూడా కాదన్నవాళ్ళున్నారు. ఆమె ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో వుద్యోగం చేసి పిల్లని పెంచింది. 1996లో పోయేదాకా ఒక్కసారి కూడా మన దేశం రాలేదు.

ఇక విచారణల సంగతి నాకు అంతగా పట్టదు, గబగబా చెప్పేస్తాను. 1956లో షా నవాజ్ ఖాన్ సంఘం ప్రమాదం నిజమేనంది. అందులో సభ్యుడైన అన్నగారు సురేష్ బోసు కాదన్నాడు. 1974లో ఖోస్లా కమిషన్ నిజమేనంది. 2005లో ముఖర్జీ కమిషన్ కాదంది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. మధ్యలో షౌల్‌మారీ సాధువు, ఫైజాబాదు బాబా, నెహ్రూగారి అంత్యక్రియల ఫోటోలో ఎవరో భిక్షువు... ఎక్కడ గడ్డం కనిపిస్తే అక్కడ నేతాజీ. 1992లో "మరణానంతరం" భారతరత్న అని ప్రకటిస్తే, మరణించాడని ఎవరు చెప్పారని గొడవ లేచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997లో ఆ ప్రకటనే రద్దయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. ఆయనతోపాటు ఆ విమానంలో బంగారం వుంది. రంగూన్‌లో 1945 జనవరిలో ఆయన పుట్టినరోజుకి బంగారంతో తులాభారం తూచారు. ఆడవాళ్ళు గాజులూ గొలుసులూ వొలిచి ఇచ్చారు. రంగూన్‌లో మన తెలుగువాళ్ళు బోలెడుమంది వుండేవారు, ఆ కుప్పలో ఏ గోదావరి జిల్లా ఇల్లాలి కాసులపేరో వుండేవుంటుందని నేననుకుంటాను. అవన్నీ మంటల్లో కరిగి, రాయీ రప్పా కలిసి ముద్దలైపోయాయి. ఏరి పెట్టెలో పోసినవి సుమారు 11 కిలోలు 1952లో ఢిల్లీ చేరాయి. నేషనల్ మ్యూజియంలో పెట్టారు. ఇచ్చిన ఆడవాళ్ళ గురించి ఏ కమిషనూ అడగలేదు.

అనితగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. జర్మనీలో అర్థశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తండ్రి ఆ ప్రమాదంలోనే పోయాడని ఆమె నమ్మకం. రెంకోజీలోని అస్థికలు ఇంటికి చేర్చమని అడుగుతూనే వున్నారు. అనుమానం వుంటే డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకోండని 2022 ఆగస్టులో మళ్ళీ చెప్పారు. కన్నకూతురు మా నాన్న పోయాడంటూంటే, కాదు బతికున్నాడని మనం అనడం ఎలాంటి ప్రేమో! మా అమ్మమ్మది ప్రేమే, ఒట్టు. కానీ ఆ ప్రేమలో ఆ పిల్ల ఎక్కడా లేదు. వుందని అమ్మమ్మకి తెలుసో లేదో, నేనెప్పుడూ అడగలేదు.

అమ్మమ్మ పోయాక పటాలు పంచుకున్నప్పుడు నేతాజీ నా వాటాకొచ్చాడు. నా రాతబల్ల ఎదుట గోడకి పెట్టాను. చాలా ఏళ్ళు దండ లేకుండానే వుంచాను. కిందటి జనవరి 23న మా అమ్మాయి బజారునుంచి చామంతిదండ తెచ్చి, స్టూలెక్కి, "వెయ్యనా అమ్మా?" అంది. కాసేపు ఏమీ అనలేకపోయాను. ఆ తరవాత వెయ్యమన్నాను. దండ పొడుగైపోయింది, ముడేసి పొట్టి చేశాం.