హోదా సమీకరణము (నౌకావిహారములు)

ఒక సంస్థయొద్ద చిరకాలపు రాకపోకలచే ప్రయాణికుడు గడించుకొన్న గౌరవస్థాయిని వేరొక సంస్థ తన పట్టికలోని తత్తుల్యస్థాయిగా నంగీకరించి, అతడు తన నౌక నింకను ఎక్కకపూర్వమే తదుచితసౌకర్యములను కల్పించు పద్ధతి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆరంభించిన మైళ్ళ గణన పథకముతో విమానయానమున పాదుకొన్న యీ గణనము క్రమముగా హోటళ్ళకును నౌకలకును వ్యాపించినది.

ఎంఎస్‌సి క్రూయిజెస్‌వారి వాయేజర్స్ క్లబ్ ఇందుకు ప్రసిద్ధోదాహరణము. ఇతర నౌకాసంస్థల సభ్యత్వమునే కాక హోటళ్ళ సభ్యత్వమును గూడ పరిగణించుటచే, సముద్ర మెన్నడు నెరుగని మెట్టసీమవాసి భూమిమీది బసలచే నార్జించిన హోదాతోనే ఓడలో నడుగిడవచ్చును. స్థాయినిబట్టి వరుసలో నిలువకుండ ముందుగా నౌకారోహణము, ప్రత్యేక భోజనశాలలో విందు మున్నగునవి లభించును. సభ్యత్వపు ఆధారమును పంపి ఆమోదము పొంది, క్లబ్ సభ్యత్వసంఖ్యను టికెట్టుకు జతపరుపవలెను. ఈ తుదిపనిని విస్మరించినచో హోదా యుండియు ఫలము దక్కకపోవచ్చును గనుక ప్రయాణికు లిందు మిక్కిలి జాగరూకులై యుండవలెను.

ఇందుకు భిన్నముగా రాయల్ కరీబియన్ వర్గము 2024లో సోదరసంస్థలగు సెలెబ్రిటీ, సిల్వర్‌సీలతో మాత్రమే హోదాలను సమానపరచినది.

తెలుగుతీరమున 2022 జూన్‌లో విశాఖపట్టణమునకు వచ్చిన కార్డేలియా నౌకాసంస్థవారి ఎంప్రెస్ అను ఓడ, 1990లో నార్డిక్ ఎంప్రెస్ అను పేర రాయల్ కరీబియన్ కొలువున ప్రవేశించిన నౌకయే. ఓడ యొక్కటే యైనను, యాజమాన్యము మారుటచే, పూర్వము దానిపై విహరించి పడసిన హోదా నూతన సంస్థకు తనంత తాను సంక్రమింపదు.