ప్రమాణనిర్దేశపద్ధతుల చరిత్రము

పరిశోధకుడు తాను చెప్పిన మాటకు మూలమేదియో చూపవలయుననుట మనదేశమున క్రొత్త నియమము కాదు. కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యానారంభమున మూలము లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది పలుకననియు ప్రతిజ్ఞ చేసికొనెను. ఆ ప్రతిజ్ఞ నాతడు నిలుపుకొన్న తీరు ఆయన వ్యాఖ్యలు చదివినవారికి విదితమే. ఒక పదమున కర్థము చెప్పినతోడనే అమరుడనియో, విశ్వుడనియో, యాదవుడనియో నిఘంటుకర్త పేరు ముడివైచి ముందునకు సాగిపోవును. ఏ కాండము, ఏ వర్గము, ఎన్నవ శ్లోకము అను వివరము నాతడు సాధారణముగా నీయడు. ఈయ నక్కఱయు లేకుండెను. అమరము నోటికి రాని విద్యార్థి నాడు కావ్యపాఠమునకు వచ్చువాడు కాడు. చదువరి జ్ఞాపకశక్తియే ఆనాటి విషయసూచిక.

తాళపత్రగ్రంథములందు ఆకున కిరుప్రక్కల వ్రాత యున్నను సంఖ్య మాత్ర మొక్కటియే వేయుట ఆచారము. వ్రాయసకాని హస్తమునుబట్టియు, ఆకు నిడివినిబట్టియు ఒక ప్రతిలో నలుబదవ యాకున నున్న పద్యము వేఱొక ప్రతిలో అఱువదవ యాకున నుండవచ్చును. కావున ఆకుసంఖ్య ఆ ప్రతికి గుర్తు కాగలదు గాని గ్రంథమునకు గుర్తు కాజాలదు. పర్వము, ఆశ్వాసము అను విభాగములు కవి చేసినవి గనుక ప్రతి మాఱినను అవి మాఱవు. భారతపద్యమును పర్వాశ్వాసములతో, పద్యసంఖ్యతో చూపు నేటి మన యాచారమునకు బీజ మిందే యున్నది. అచ్చుయంత్రము వచ్చినపిమ్మట స్థితి మాఱెను. ఒక కూర్పునందలి వేయి ప్రతులలోను అదే పుటలో అదే పంక్తి యుండుటచే, ఎన్నడును ఒకరి నొకరు చూడని యిద్దఱు పండితులకు పుటసంఖ్య సమానమైన సంకేతమయ్యెను. ఆధునికప్రమాణనిర్దేశమంతయు ఈ చిన్న సౌకర్యముమీద నిలిచినది.

పుట యడుగున సూక్ష్మాక్షరములతో ఆధారములు చూపు పద్ధతికి ఐరోపాలో గొప్ప ప్రచారము దెచ్చినది పియేర్ బేల్ అను ఫ్రెంచి విమర్శకుని చారిత్రకవిమర్శనిఘంటువు. 1697వ సంవత్సరమున వెలువడిన యీ గ్రంథమున మూలము రెండు మూడు పంక్తులును, దానిక్రింది వివరణములు పుటయంతయు నుండు తావులు పెక్కు. పూర్వులు చేసిన తప్పు లన్నియు నా క్రిందిభాగమునందే విచారింపబడినవి. ఎడ్వర్డు గిబ్బను రోమక సామ్రాజ్య క్షీణపతనచరిత్రము మొదటి సంపుటమును 1776లో ప్రకటించినపుడు ఆధారములను గ్రంథాంతమున చేర్చియుండెను. దానిని చదివిన డేవిడ్ హ్యూము, ప్రతి యంకెకును పుస్తకము చివరకు పరుగిడవలసివచ్చుచున్నదని ముద్రాపకుడగు స్ట్రాహనునకు లేఖ వ్రాసి, ఆ టిప్పణములను పుట యడుగునకు దింపుమని కోరెను. ఆ యేటి ఆగస్టులోనే హ్యూము పరమపదించెను. గిబ్బను తరువాతి కూర్పులలో టిప్పణములు పుట యడుగునకు దిగినవి. నేడు గిబ్బను వచనముకంటె ఆతని యధస్సూచికలలోని చమత్కారమునే మెచ్చువారు పెక్కండ్రున్నారు. చావు దగ్గఱపడిన తత్త్వవేత్త ఓపికతో వ్రాసిన ఆ లేఖయే లేకున్న ఆ చమత్కారము పుస్తకపు తుదిపుటలలో మఱుగుపడియుండెడిదేమో.

పందొమ్మిదవ శతాబ్దిలో రాంకే మొదలగు జర్మను చరిత్రకారులు ఆధారములేని చరిత్రను చరిత్రగా నంగీకరింపరైరి. అయినను ఆధారమును చూపవలెననుట వేఱు, ఏ రూపమున చూపవలెననుట వేఱు. ఈ రెండవ ప్రశ్నకు మొదట సమాధానము వెదకినవారు పండితులు కారు, అచ్చుకూటములవారు. ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రాపకుడు హొరేస్ హార్టు 1893లో తన కంపోజిటర్లకును ప్రూఫులు దిద్దువారికిని ఒక చిన్న నియమావళి నచ్చొత్తించి పంచిపెట్టెను. అది బయటివారి కమ్ముటకు ఉద్దేశింపబడినది కాదు. బయటివారే దానిని కోరి వెదకుటచే 1904లో బహిరంగముగా విక్రయింపవలసివచ్చెను.

చికాగో వృత్తాంతము నిట్టిదే. 1891లో ఆ విశ్వవిద్యాలయముద్రణాలయము పని ప్రారంభించినపుడు ఆచార్యులు తమ చేవ్రాతప్రతులను నేరుగా కంపోజిటర్లకే యిచ్చుచుండిరి. దుర్బోధములగు లిపులు, భిన్నశాస్త్రముల సంకేతములు, ఒక్కొక్కరి కొక్కొక్క విరామచిహ్నవ్యవస్థ! వీని నన్నిటిని చక్కబెట్టుచు ప్రూఫులు దిద్దువారు తమకొఱకు ఒక కాగితముమీద సామాన్యనియమములను వ్రాసికొనిరి. ఆ కాగితము పెరిగి చిన్న పుస్తకమై, 1906లో రెండువందల పుటల గ్రంథమై వెలువడెను. దాని పదునెనిమిదవ కూర్పు 2024లో వచ్చినది. ప్రపంచమునందలి పండితుల కనేకులకు శాసనమైన యీ గ్రంథమునకు మూలపురుషులు పేరు ప్రతిష్ఠలు లేని అచ్చుపనివారనుట పండితులు తఱచుగా మఱచు విషయము.

ఇక రెండవ మార్గము ప్రకృతిశాస్త్రములనుండి వచ్చినది. హార్వర్డునందు జంతుశాస్త్రాచార్యుడగు ఎడ్వర్డు లారెన్సు మార్కు 1881లో చిప్పలేని నత్తజాతిలో నొకదాని అండవిభాగమును గూర్చి సుదీర్ఘవ్యాసము ప్రకటించెను. అందు ఆయన పూర్వశాస్త్రజ్ఞుని పేరు చెప్పి, ప్రక్కనే కుండలీకరణములలో సంవత్సరము సూచించి, పూర్తి వివరములను వ్యాసాంతమునందలి పట్టికకు విడిచెను. ఆ యంకె పట్టికకు దారిచూపుటయే గాక, ఆ పరిశోధన ఎన్నడు జరిగినదో వెంటనే తెలుపునని ఆయన యాశయము. ఎవడు ముందు కనుగొనెను, ఎవడు పిదప దిద్దెను అను పౌర్వాపర్యము శాస్త్రములందు ప్రాణప్రదమగుటచే ఆ యేర్పాటు వెంటనే రుచించెను. ఇందొక విచిత్రము కలదు. అధస్సూచికను పెక్కు శాస్త్రములనుండి వెడలగొట్టిన యీ పద్ధతిని మార్కు వివరించినది ఒక అధస్సూచికయందే! హార్వర్డుపద్ధతియను పేరునకు మూలమిదియే యని 1988లో ఎలీ చెర్నిను బ్రిటిషు వైద్యపత్రికలో నిరూపించెను.

మానసికశాస్త్రపరిషత్తువారు ఈ మార్గమునే గ్రహించిరి. అమెరికాలో మానసికశాస్త్ర, మానవశాస్త్ర పత్రికల సంపాదకులును నిర్వాహకులును 1928లో సమావేశమై చర్చించిన ఫలితముగా 1929లో ఏడు పుటల సూచన యొకటి ప్రకటింపబడెను. రచయితలనుగాని సంపాదకులనుగాని శాసించు నధికారము తమకు లేదనియు, సందేహము కలిగినచోట చూచుకొనుటకు మాత్రమే యిది పనికివచ్చుననియు వారు వినయముతో చెప్పుకొనిరి. ఆ యేడు పుటలే 1944 నాటికి ముప్పదిరెండు పుటలై, 2019లో వెలువడిన యేడవ కూర్పున నాలుగువందలకు పైబడినవి. వినయము మాత్రము అదే నిష్పత్తిలో పెరిగినదని చెప్పజాలము. అంచు వెడల్పునకును, కామా యుండవలసిన తావునకును పరీక్షాధికారులు సిద్ధాంతవ్యాసములను త్రిప్పిపంపుట నేడు సర్వసాధారణము. ఆధారము నిజముగా నా పుటలో నున్నదా యని తెఱచిచూచుట మాత్రము అంత సాధారణము కాదు.

ఈ సంవత్సరపద్ధతిని సాహిత్యమునకు మక్కికి మక్కిగా తెచ్చినచో కలుగు చిక్కు తెలుగువాని కొక్క ఉదాహరణముతో తెలియును. పదునొకండవ శతాబ్దివాడైన నన్నయభట్టు పేరు ప్రక్క కుండలీకరణములలో తాను చూచిన అచ్చుప్రతి సంవత్సరము వేసి, నన్నయ, 1970 అని వ్రాసిన వ్యాసములు నేడు కనబడుచున్నవి. అందు కవికాలమును తెలియదు, పద్యముండు తావును తెలియదు. తెలియునదెల్ల ఒక ప్రచురణకర్త యెన్నడు కాగితము కొనెనో అంతమాత్రమే. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1852 నాటి తన తెలుగు ఇంగ్లీషు నిఘంటువున ప్రయోగములకు వసుచరిత్రాది కావ్యముల సంక్షిప్తనామములను, ఆశ్వాసపద్యసంఖ్యలను చూపెను. ఆంధ్రసాహిత్యపరిషత్తువారు 1936లో మొదటి సంపుటము వెలువరించిన సూర్యరాయాంధ్రనిఘంటువున నీ మార్గమే యనుసరింపబడినది. ఒక కూర్పున ప్రక్షిప్తమని తొలగించిన పద్యము వేఱొక కూర్పున నుండుటచే సంఖ్యలు రెండు మూడు తేడా వచ్చుట కలదు. అయినను ఆశ్వాసము చేతికి దొరకినవానికి పద్యము దొరకకపోదు.

పుణ్యపురమున భాండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థవారు 1919లో ఆరంభించి 1966లో ముగించిన సంస్కృతభారత పరిష్కరణమున ఇంకను సూక్ష్మమైన సంకేతవ్యవస్థ కలదు. అందు తెలుగులిపిలోని ప్రతులకు రోమకలిపిలోని టీ యను నక్షరమును, గ్రంథలిపి ప్రతులకు జీ యను నక్షరమును గుర్తులు. ఒక పాఠము నిశ్చయము కానిచో దానిక్రింద వంకరగీత యొకటి యుండును. పాఠమునం దెంత నమ్మకము గలదో గీతతో చూపిన యీ నిజాయితీ యే శైలీగ్రంథమున విధింపబడిన దానికిని తీసిపోదు.

అమెరికా ఆధునికభాషాపరిషత్తువారు కూడ ఈ భేదమును గ్రహించిరనుటకు నిదర్శనము కలదు. విలియం రైలీ పార్కరు 1951లో కూర్చిన వారి శైలీపత్రము అధస్సూచికలనే విధించెను. 1984 కూర్పున వారును అధస్సూచికలను విడిచి కుండలీకరణములకు మాఱిరి. కాని సంవత్సరమును గ్రహింపక, కర్త పేరు, పుటసంఖ్య మాత్రమే యుంచిరి. కావ్యవిమర్శకునకు కావలసినది పంక్తి యున్న తావు గాని పుస్తకమచ్చైన యేడు కాదని వారి నిర్ణయమున ధ్వనించుచున్నది. చికాగోవారు రెండు మార్గములను ఒక్క గ్రంథముననే యుంచి, ఏది తగునో యెన్నుకొనుభారమును రచయితకే విడిచిరి.

అన్నిటికంటె తెలుగుపరిశోధకుని బాధించునది పేర్ల క్రమము. పైజెప్పిన పద్ధతులన్నియు వంశనామము చివర నుండునని భావించి, దానిని ముందునకు లాగి, కామా వేయుమనును; వానిలో మానసికశాస్త్రపరిషత్తువారిది మొదలగు కొన్ని తక్కిన పేరును పొడియక్షరములుగా కుదింపుమనును. మనకు ఇంటిపేరు మొదటనే యున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారిని ఈ యంత్రమున వేసినచో శాస్త్రి, వి. పి. యని వెలికివచ్చును, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు రావు, కె. ఎల్. అగుదురు. శాస్త్రులును రావులును వందలకొలది గల పట్టికలో ఎవరు ఎవరో తెలిసికొనుట దుర్ఘటము. శాస్త్రియనునది వంశనామము కాదు, రావనునది గౌరవవాచకము. రెండును సూచికలో వెదకుటకు పనికిరానివే. తెలుగున అచ్చగు గ్రంథసూచికలలో ఇంటిపేరు మొదట, కామా లేకుండ, వ్యవహారనామము పూర్తిగా వ్రాయుటయే వాడుక. అందుచే తెలుగునను ఇంగ్లీషునను వ్రాయు పండితుడు ఒకచోట వకారము క్రింద, వేఱొకచోట ఎస్ అను నక్షరము క్రింద దొరకును. రెండు పట్టికలను కలిపి చూడనివానికి ఆయన ఇద్దఱు మనుష్యులు.