పటంలో లేని తల్లి



చిత్రకారులు ఎందరినో ఎదురుగా నిలబెట్టి బొమ్మలు వేస్తారు. వాటిలో ఏ ఒకటో రెండో వాళ్ళకు శాశ్వతంగా పేరు తెచ్చిపెడతాయి. జార్జి చిన్నరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడికి అలా పేరు తెచ్చిన పటం ఒకటుంది. అందులో ఉన్నది మన హైదరాబాదు పిల్లలు.

చిన్నరీ 1774లో లండనులో పుట్టాడు, 1802లో మద్రాసు చేరాడు. దొరలకూ దొరసానులకూ బొమ్మలు వేయడం ఆయన వృత్తి. 1852లో మకావులో కన్నుమూసేదాకా ఎన్నో వేశాడు. వాటిలో మేలైనవాటి మాట వస్తే, 1805లో మద్రాసులో వేసిన ఈ పిల్లల పటాన్ని తప్పక చెబుతారు.

ఎవరీ పిల్లలు? మా పహాడీ షరీఫ్ నుంచి పట్నం పోయి మూసీ దాటితే కోఠీ వస్తుంది. 1949 నుంచి ఆడపిల్లలు చదువుకుంటున్న అక్కడి పెద్ద భవనం ఒకప్పటి బ్రిటిషు రెసిడెన్సీ. దాన్ని కట్టించిన రెసిడెంటు జేమ్స్ అఖిలిస్ కిర్క్‌పాట్రిక్. ఆయన ఇస్లాం స్వీకరించి, ఇక్కడి గొప్పింటి పిల్ల ఖైరున్నీసాను పెళ్ళాడాడు. 1801లో కొడుకు పుట్టాడు, మరుసటి ఏడు కూతురు. ముద్దుపేర్లు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం.

పిల్లలకు ఏం లోటు అనుకుంటారు కదూ? కానీ తల్లిదండ్రుల్లో ఒకరు ఈ దేశస్థులైతే అటువంటి వాళ్ళకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వరాదని కంపెనీ వారు 1791 నుంచే కట్టడి పెట్టారు. అందుకని తండ్రి వాళ్ళను చదువుకోసం ఇంగ్లండు పంపదలిచాడు. ఓడ ఎక్కేముందు మద్రాసులో చిన్నరీ చేత బొమ్మ వేయించారు. అప్పటికి బాబుకు నాలుగేళ్ళు, పాపకు మూడు.

మెట్లమీద నిలబడిన ఇద్దరికీ నవాబు పిల్లల వేషమే. జరీ బట్టలు, తలమీద టోపీలు, మెడలో ముత్యాలు, ముక్కు వంపు తిరిగిన జోళ్ళు. పిల్లవాడు మనకేసి సూటిగా చూస్తాడు. పాప మాత్రం కళ్ళు దించుకుని ఉంటుంది.

ఆ సెప్టెంబరులో ఓడ వెళ్ళిపోయింది. అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో చనిపోయాడు. ఇంగ్లండులో పిల్లలకు క్రైస్తవ నామకరణం జరిగింది. సాహిబ్ ఆలం విలియం అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అయింది. బట్టలూ పోయాయి, పేర్లూ పోయాయి. తల్లి ఖైరున్నీసా కొన్నాళ్ళు మచిలీబందరులో గడిపి, తిరిగి హైదరాబాదు చేరి, 1813లో ముప్పై ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూసింది. పోయినదాకా పిల్లల ముఖం చూడలేదు పాపం!

పటం పిల్లల వెంట వెళ్ళలేదు. అది కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రస్సెల్‌కు చేరింది. ఆయన తర్వాత ఇంగ్లండు వెళ్ళి స్వాలోఫీల్డులో స్థిరపడ్డాడు. పెద్దయి, కిటీగా పేరుపడ్డ మన సాహిబ్ బేగం ఒకసారి ఆ ఇంటికి చూడబోయింది. గోడమీద తననూ, 1828లోనే పోయిన అన్ననూ చూసి బావురుమంది. తన తర్వాత పటం ఆమెకే చెందాలని రస్సెల్ వీలునామా రాశాడు.

అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా హైదరాబాదులో బతికే ఉందని కిటీకి 1840 దాటాక తెలిసింది. ముసలామె పారసీలో ఉత్తరాలు రాయించేది, మనుమరాలు ఇంగ్లీషులో రాసేది. 1847లో అమ్మమ్మ పోయేదాకా ఆ ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ కలుసుకోనే లేదు. కిటీ 1889లో చనిపోయింది. పటం చేతులు మారి హాంకాంగులో ఒక పెద్ద బ్యాంకువారి దగ్గరకు చేరింది.

ఇంత కథలో కన్నతల్లి ఎక్కడ? పటంలో లేదు. కానీ ఆ పిల్లలు ఫలానా తల్లి బిడ్డలని నలభై ఏళ్ళ తర్వాత కూడా చెప్పగలిగింది అమ్మమ్మ ఒక్కతే.

మన ఇళ్ళల్లోనూ గోడలకు పాత ఫోటోలున్నాయి. అందులో ఎవరెవరున్నారో చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక సాయంత్రం వాళ్ళ దగ్గర కూర్చుని ఆ పేర్లు అడిగి, ఫోటో వెనక రాసి పెట్టండి. ఫోటోకు రాని ఆడవాళ్ళ పేర్లు కూడా మరవకుండా రాయండి.