బ్యాంక్ (ఇంగ్లీషు పదం)

బ్యాంక్ అంటే ఇంగ్లీషులో డబ్బు దాచుకునే సంస్థ, నది గట్టు, ఒకే రకం పరికరాల వరుస కూడా. రాతలో, పలుకులో తేడా లేకపోయినా నిఘంటువులు దీన్ని మూడు వేర్వేరు పదాలుగా చూపుతాయి. మూడూ వేర్వేరు భాషల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చాయి. మూలానికి వెళితే మాత్రం, బల్లకూ మెట్టుకూ వాడిన ఒకే ప్రాచీన జర్మానిక్ మాట దగ్గర కలుస్తాయి. బెంచీ కూడా ఆ కుదురుదే.

వీటిలో పాతది గట్టు. స్కాండినేవియా భాషల నుంచి మధ్యయుగంలో వచ్చిన ఈ పదం దిబ్బకూ, సముద్రంలోని మెరకకూ చెల్లుతుంది. ఉత్తర సముద్రంలోని డాగర్ బ్యాంక్, కన్యాకుమారికి దక్షిణాన ఉన్న వాడ్జ్ బ్యాంక్ చేపల వేటకు పేరుపడ్డ మెరకలు. వార్తల్లో వినే వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ నదికి పడమటి వైపు నేల. ఎస్‌ఎల్‌బీసీ, ఎస్‌ఆర్‌బీసీ అనే పొడి అక్షరాల్లోని ‘బీ’ కూడా ఇదే: శ్రీశైలం ఎడమ గట్టు కాలువ, కుడి గట్టు కాలువ. నీరు పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపున్నది ఎడమ గట్టు. ఏ దేశపు నదికైనా లెక్క ఇదే. విమానం ఒక పక్కకు వాలి మలుపు తిరగడాన్ని, నిప్పు ఆరకుండా నివురు కప్పి ఉంచడాన్ని కూడా ఇంగ్లీషులో ఈ మాటతోనే చెబుతారు.

డబ్బుకు చెందిన అర్థం ఇటలీ నుంచి వచ్చింది. అక్కడి వర్తక నగరాల్లో నాణేలు మార్చేవారు సంతలో బల్ల వేసుకుని కూర్చునేవారు. ఆ బల్ల పేరు ‘బాంకా’. క్రమంగా అది వ్యాపారానికీ, తర్వాత సంస్థకూ పేరయింది. ఇది ఇటలీకే పరిమితం కాదు. గ్రీకులో బ్యాంకును పిలిచే ‘త్రాపెజా’కు కూడా బల్ల అనే అర్థం. జెనోవాలో సెయింట్ జార్జ్ బ్యాంకు 1407లో, లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1694లో ఏర్పడ్డాయి. కలకత్తాలో బ్యాంక్ ఆఫ్ హిందుస్థాన్ 1770లో మొదలైంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

దివాలాకు ఇంగ్లీషు మాట ‘బ్యాంక్‌రప్ట్’. దాని మూలమైన ఇటాలియన్ మాటకు ‘విరిగిన బల్ల’ అని అర్థం. అప్పు తీర్చలేనివాడి బల్లను నిజంగానే విరగ్గొట్టేవారన్న కథ బాగా వాడుకలో ఉంది. కానీ చితికిపోయిన వ్యాపారాన్ని అలంకారికంగా అలా అన్నారనుకోవడమే సబబు. విందును సూచించే ‘బాంక్వెట్’ కూడా చిన్న బల్ల నుంచి పుట్టిందే.

మూడో పదం పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. ఓడలో తెడ్డు వేసేవారు వరుసగా కూర్చునే బల్ల నుంచి, ఏ వరుసకైనా అది పేరయింది. విద్యుత్ సబ్‌స్టేషన్‌లోని కెపాసిటర్ బ్యాంకు ఈ వరుసే. నిల్వతో ఆ పేరుకు సంబంధం లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో డబ్బు బ్యాంకు పోలికతో కొత్త నిల్వలు వచ్చాయి. 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ రక్తనిల్వ కేంద్రానికి ‘బ్లడ్ బ్యాంక్’ అని పేరు పెట్టాడు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1955లో ‘ఓటు బ్యాంకు’ను రచనలోకి తెచ్చాడు. జహీరాబాద్ ప్రాంతపు గ్రామాల్లో మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తన బ్యాంకులు నడుపుతున్నాయి. అక్కడ అరువు తీసుకున్న గింజలను, పంట చేతికొచ్చాక మరికొన్ని కలిపి తిరిగి జమ చేస్తారు.