గోదావరికి అటూ ఇటూ బలిపూజ

నేను గోదావరిఖని లాటిను క్యాథలిక్కుని. మా వైపు విచారణలు వరంగల్ మేత్రాసనానివి. ఏరు దాటి మంచిర్యాల పోతే కేరళ మూలాల సీరో మలబారు పద్ధతి పూజ. 1999లో చాందా మేత్రాసనం నుంచి విడిపోయిన ఆదిలాబాద్ మేత్రాసనం అది.

మా నాయన చిన్నప్పుడు ఇటలీ స్వాములు పీఠం వైపు తిరిగి లాటినులో పూజ చేసేవారట. 1969లో ఆరవ పౌలు పాపుగారి కొత్త పూజాగ్రంథం వచ్చింది. అదే ఏడు ఏప్రిల్‌లో రోము 12 భారతీయ పద్ధతులకు అనుమతిచ్చింది: చెప్పులు విడవడం, నేలమీద కూర్చోవడం, హారతి, పంచాంగ ప్రణామం లాంటివి. ఇది సభను అన్యమతంలో కలపడమేనని విశ్వాసుల నాయకుడు విక్టర్ కులందై ఏకంగా పుస్తకం రాశారు. ఐరోపాలో కొత్త పూజను ఒప్పుకోని లెఫెవ్ర్ మేత్రాణులు 1970లో వేరే సంఘమే పెట్టారు. చెప్పులు విడవడం మన ఊళ్లలో తాతలనాటి మర్యాద, అందులో తప్పు లేదు. కానీ పూజలో మౌనం పోయిందన్న పాత పూజ కోరేవాళ్ల బాధ నిజం. నాకూ ఉంది.

2021 జూలైలో ఫ్రాన్సిస్ పాపుగారు పాత లాటిను పూజకు హద్దులు పెట్టారు. ఆ ఆగస్టులోనే సీరో మలబారు మేత్రాణుల సినడ్ సగం పూజ జనం వైపు, సగం పీఠం వైపు అన్నది. ఎర్నాకుళంలో స్వాములు, విశ్వాసులు ఎదురు తిరిగారు. వాళ్లు కోరింది మొత్తం జనం వైపే.

మేత్రాణులారా, పూజను మార్చేముందు విచారణల్లో మాతో కూర్చుని మాట్లాడండి.