గురి చూసే గాజుకన్ను

గురి అనగానే మన తెలుగువాళ్ళకు అర్జునుడే గుర్తొస్తాడు. గురువుగారు అడిగితే చెట్టు కనపడలేదు, కొమ్మ కనపడలేదు, పిట్ట కన్ను ఒక్కటే కనపడుతోందన్నాడు. ఆ కథ విన్నప్పుడల్లా నాకొకటే సందేహం. కన్ను కనపడటం వేరు, బాణం తిన్నగా ఆ కంట్లోకే పోవటం వేరు కదా! ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని చెరిపేయాలని మనిషి దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా గాజు అరగదీస్తూనే ఉన్నాడు. అదో పెద్ద కథ. చిత్రమేమిటంటే, ఆ కథ మొదలయ్యింది ఒక సాలీడుతో.

1640 ప్రాంతాల ఇంగ్లండులో, యార్క్‌షైరులో విలియం గాస్కోయిన్ అనే కుర్రవాడికి దుర్భిణీల పిచ్చి. ఒకరోజు తన దుర్భిణీలోంచి చూస్తే గాజుకు అడ్డంగా సన్నటి గీత ఒకటి కనిపించింది. తీరా చూస్తే, తెరిచిపెట్టిన గొట్టంలో సాలీడు లాగిన పోగు! మనమైతే బూజుకర్ర తెచ్చేవాళ్ళం. అతనికి మాత్రం బుర్రలో దీపం వెలిగింది. దూరానున్న చుక్కా, దగ్గరున్న పోగూ రెండూ ఒక్కసారే స్పష్టంగా కనిపిస్తున్నాయంటే, ఆ పోగును గుర్తుగా పెట్టుకుని చుక్కను కొలవవచ్చు. అంతవరకూ చూడటానికే పనికొచ్చిన దుర్భిణీ, ఆనాటి నుంచి గురి చూడటం నేర్చుకుంది. పాపం, గాస్కోయిన్ 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో చచ్చిపోయాడు. గురి చూసే గాజు కనిపెట్టినవాణ్ణి యుద్ధమే మింగింది.

ఆ గాజుకన్ను మన వైపు వచ్చిన వైనం వినండి. 1801లో ఆర్కాటు నవాబు చేతికింద ఉన్న నెల్లూరు సీమ కుంఫిణీ పరమయ్యింది. ఆ మర్నాటి ఏడే, 1802 ఏప్రిల్‌లో, మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఉక్కు గొలుసు పరిచి ఏడున్నర మైళ్ళ నేలను కొలవటం మొదలెట్టాడు. అది పూర్తి కావటానికి 57 రోజులు పట్టింది. పొలం కొన్నవాడు ముందు గట్టు చూసుకుంటాడు, రాజ్యం కొన్నవాడూ అంతే! ఆ గీత ఆధారంగా కొండ మీంచి కొండకు, గోపురం మీంచి గోపురానికి గురి చూసి త్రికోణాలు కట్టుకుంటూ పోయారు.

ఆ గురి చూసిన పరికరం పేరు థియొడొలైట్. బరువు అరటన్ను. లండన్ నుంచి ఓడలో వస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్ళు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. పెట్టె విప్పి చూసి, ఇది శాస్త్రం తాలూకు వస్తువని గ్రహించి మర్యాదగా మద్రాసుకు పంపించారు. శత్రువులు జాగ్రత్తగా అప్పజెప్పిన దాన్ని మనవాళ్ళే 1808లో తంజావూరు గోపురం మీదికి లాగుతూ తాడు తెగి గోడకేసి కొట్టారు! లాంబ్టన్ ఆరువారాలపాటు గుడారంలో దూరి, వంకరపోయిన ఆ ఇత్తడి చక్రాన్ని చక్కచేసి మళ్ళీ పనిలో పెట్టాడు.

ఇలాంటి మరమ్మతులు చేసినవాళ్ళలో నాకు బాగా నచ్చినవాడు సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. ఆర్కాటు మనిషి. మద్రాసులో నగల దుకాణంలో పనిచేసినవాడు. నగిషీ చెక్కే చేతులకు కోణాలు కొలిచే గీతలు ఒక లెక్కా! లాంబ్టన్ తరవాత వచ్చిన ఎవరెస్టు ఆ పనితనం గుర్తించాడు. 1840లలో ఇంగ్లీషు నిపుణుడు బారో స్థానంలో సర్వే వారి పరికరాల పని మొత్తం ఈయన చేతికే వచ్చింది. కొండకు ఎవరెస్టు పేరు పెట్టారు. ఆ కొలతల పరికరాలను నిలబెట్టిన కంసాలి చేతుల పేరు ఎంతమందికి తెలుసు?

ఇక తుపాకీ సంగతి. ఇదే గొట్టాన్ని అమెరికావాళ్ళు 1840 నాటికి తుపాకీ మీద బిగించారు. న్యూయార్కు రాష్ట్రంలోని యుటికాలో మోర్గాన్ జేమ్స్ చేసిన గొట్టాలు తుపాకీ ఎంత పొడవో అంత పొడవుండేవి. చాప్‌మన్ అనే ఆయన వాటి సంగతి 1844లోనే పుస్తకంలో రాశాడు. తరవాత వచ్చిన అంతర్యుద్ధంలో ఆ గొట్టాల గురి మనుషుల మీదికి తిరిగింది. వాటిలోనూ అడ్డగీత, నిలువుగీతలకు చాలాకాలం సాలీడు పోగే. రెండో ప్రపంచయుద్ధం నాటికి కాలిఫోర్నియాలో నాన్ సాంగర్ అనే గృహిణి సాలీళ్ళను పెంచి, వాటి పోగు తీసి పరికరాల వాళ్ళకు సరఫరా చేసింది. మనం బూజు దులుపుకుంటుంటే ఆవిడ బూజు అమ్ముకుంది!

యుద్ధం అయిపోయాక అమెరికాలో ఒక విచిత్రమైన ఆట స్థిరపడింది. దాని పేరు బెంచ్‌రెస్ట్. తుపాకీని బల్లమీద ఇసక సంచులకు ఆనించి, నూరు గజాల దూరంలోని కాగితం మీద అయిదు తూటాలు కాల్చాలి. గెలుపు మధ్య చుక్కకు తగలటంలో లేదు. అయిదు చిల్లులూ ఒకే చిల్లుగా కలిసిపోవాలి. ఒలింపిక్స్ రైఫిలు పోటీల్లో పెద్దదిగా చూపించే దుర్భిణీ నిషిద్ధం. 2012లో లండన్‌లో కంచుపతకం తెచ్చిన మన హైదరాబాదు గగన్ నారంగ్ చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టినవాడే. బెంచ్‌రెస్ట్ వాళ్ళు మాత్రం 36 రెట్లు, 40 రెట్లు, అంతకు పైన చూపించే స్కోపులు ఎంచుకుంటారు. అంత బలమైనవి దొరకని రోజుల్లో 24 రెట్ల స్కోపును విప్పించి, గాజులు మార్పించి 36 చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఎక్కువ రెట్లయితే ఎక్కువ మేలనుకుంటాం. అక్కడే ఉంది తిరకాసు. మైపాడు ఇసక మీద మిట్టమధ్యాహ్నం చూడండి, దూరాన పడవలు నీళ్ళలో కాక గాల్లో ఊగుతున్నట్టుంటాయి. స్కోపు చుక్కను ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో ఆ ఊగులాటనూ అన్ని రెట్లు చేస్తుంది. లాంబ్టన్, ఎవరెస్టు మనుషులు ఎండపొరతో పడ్డ అవస్థా ఇదే. అందుకే ఎవరెస్టు రాత్రిపూట దీపాలు పెట్టించి గురి చూశాడు. ఇంకో ఇబ్బంది ఉంది. గోడగడియారాన్ని పక్కనుంచి చూస్తే ముల్లు ఒక నిముషం అటో ఇటో కనపడదూ? అలాగే స్కోపులో కన్ను కాస్త జరిగితే గీత కూడా చుక్కమీద జరుగుతుంది. ముందు గాజును ఆ దూరానికి సరిగ్గా తిప్పుకుంటేనే ఆ దోషం పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది కంటికి కనపడనిది. స్కోపు లోపల చిన్న గొట్టం ఒకటి స్ప్రింగు మీద ఆనుకుని ఉంటుంది. పేలినప్పుడు ఆ దెబ్బకు అది వెంట్రుకవాసి కదిలినా చాలు, గురి తప్పుతుంది. కాల్చినవాడు తన చెయ్యే వణికిందనుకుంటాడు. దీనికి కొందరు మొండి వైద్యం కనిపెట్టారు. లోపలి గొట్టాన్ని జిగురుతో కదలకుండా బిగించేసి, సర్దుబాటు మరలు బయట పట్టీలలో పెట్టారు. అంటే వెనకటి కాలపు స్కోపుల్లో ఉన్న పద్ధతికే తిరిగొచ్చారన్నమాట! కదిలిందో లేదో తేల్చటానికి ఒకే తుపాకీ మీద రెండు స్కోపులు పక్కపక్కన పెట్టి ఒకే చుక్కకు గురి చేస్తారు. కాల్చాక రెండూ ఒకే మాట చెపితే సరే. చెప్పకపోతే ఒకటి అబద్ధమాడుతున్నట్టే.

ఇది చదివినప్పుడు నాకు మన కోస్తా పట్టపువాళ్ళే గుర్తొచ్చారు. నడిసముద్రంలో చేపలుండే చోటు మళ్ళీ దొరకాలంటే ఒడ్డున ఒక్క తాడిచెట్టును గుర్తుపెట్టుకుంటే చాలదు. చెట్టూ, వెనక గోపురమూ ఒకే గీతలోకి రావాలి. లాంబ్టనూ అంతే, త్రికోణాలు కట్టుకుంటూ పోయి, 1804లో బెంగుళూరు దగ్గర మళ్ళీ నేల కొలిచి సరిచూసుకున్నాడు. ఏడు మైళ్ళ మీద తేడా నాలుగంగుళాల లోపే.

గాజు ఎంత పెద్దదిగా చూపిస్తే అంత నిజమనుకోవటం మన బలహీనత. ఒక్క మనిషి మాట విని, ఒక్క కంటితో చూసి ఎంతమందికి గురిపెట్టేస్తున్నామో! ఇరుగుపొరుగు మీద, కోడళ్ళ మీద, అత్తల మీద కూడా. ఆ సాలీడు పోగు నేలనూ కొలిచింది, ప్రాణాలూ తీసింది, కాగితానికి చిల్లులూ పెట్టింది. పోగుకు మాత్రం పాపం లేదు, పుణ్యం లేదు. ట్రిగ్గరు మీద వేలు పడేముందు రెండో సాక్షిని అడగాల్సింది దాని వెనకున్న కన్ను.