చక్కెర కొలత – కొండ యెత్తు



మధుమేహమను పేరు మనకు క్రొత్తది కాదు. రోగి శరీరమునకును, మూత్రమునకును చీమలు చేరుట ఈ వ్యాధి రాకకు గుర్తు అని చరకసంహితయందే చెప్పబడినది. అనగా ఆ కాలమున చక్కెరను కనిపెట్టు సాధనము చీమయే. చక్కెర ఉన్నదని అది చెప్పగలదు గాని, ఎంత యున్నదో చెప్పజాలదు. 'ఉన్నది' అను జ్ఞానమునుండి 'ఇంత యున్నది' అను జ్ఞానమునకు వచ్చుటకు మానవునకు పెక్కు శతాబ్దములు పట్టినది. ఆ ప్రయాణమును, ఆ కొలత కొండ యెక్కినప్పుడు కలిగిన చిక్కును నేడు మీకు మనవి చేయుదును.

నేను వైద్యుడను గాను. బడిలో తెలుగును, సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అయినను ప్రమాణమనగా నేమి, అది యెప్పుడు నమ్మదగును అను విచారము తర్కము చదివినవారికి పరాయిది గాదు. మన పల్లెలనుండి కేదార బదరీ యాత్రలకు పోవు పెద్దలలో షుగరు వ్యాధి గలవారును కలరు. కావున ఇది వట్టి శాస్త్రచర్చ గాదు.

పశ్చిమదేశములలో 1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు ఈ రోగుల మూత్రము తేనెవలె తియ్యగా నుండునని వ్రాసెను. 1776లో మాథ్యూ డాబ్సన్ అను మరియొక వైద్యుడు ఆ మూత్రమును కాచి, ఇగిర్చి, అడుగున మిగిలినది చక్కెరయే యని చూపెను. రక్తమునందలి నీరును తియ్యగా నున్నదని యాతడు గమనించెను. 1908లో బెనెడిక్టు అను అమెరికా రసాయనవేత్త నీలిరంగు ద్రావకమొకటి కల్పించెను. దానిలో మూత్రపు చుక్కలు వేసి కాచినచో, చక్కెర కొలదిని ఆకుపచ్చ, పసుపు, ఇటుక యెరుపు వన్నెలు వచ్చును. ఈ పరీక్షను మనలో వృద్ధులు కొందరు ఆసుపత్రులలో చూచియే యుందురు.

పిమ్మట రక్తములోని చక్కెరను కొలుచుటకు 1920 ప్రాంతమున ఫోలిన్, వూ అనువారు ఒక పద్ధతిని ఏర్పరచిరి. ఈ ఫోలిన్ అధ్యక్షుడుగా నుండిన హార్వర్డు జీవరసాయన శాఖలోనే మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో గూడి 1925లో శరీరద్రవములందలి భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కంటికి కానరాని పదార్థమును రంగుగా మార్చి కొలుచు విద్యలో తెలుగువాని చేయి గలదని సంతసింపవచ్చును.

1922లో టొరంటో నగరమున ఇన్సులిను తొలిసారి రోగికి ఇయ్యబడెను. ప్రాణము నిలుపు మందు దొరకెను. దానితో కొలతకు ప్రాణమంత విలువ వచ్చెను. చక్కెర ఎక్కువగా నున్నదని తప్పుగా తలచి ఇన్సులిను పొడుచుకొన్నచో, చక్కెర మిక్కిలి పడిపోయి రోగి తెలివి తప్పును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

ఇక కొండల కథ వినుడు. 1648లో పాస్కల్ ప్రేరణచే ఆయన బావ పెరియే ఫ్రాన్సులోని ప్యూయీ ద దోమ్ అను కొండపైకి పాదరసపు గొట్టమును గొనిపోయెను. ఎక్కిన కొలదిని పాదరసము దిగెను. పైకి పోవుకొలది గాలి బరువు తగ్గునని దానిచే రుజువయ్యెను. 1875లో జెనిత్ అను గాలిగుమ్మటమున ముగ్గురు ఎనిమిదివేల మీటర్లకు పైగా పోగా, ఇద్దరు మరణించిరి. 1878లో పాల్ బేర్ అను శాస్త్రజ్ఞుడు, కొండలపై కలుగు బాధకు మూలము ప్రాణవాయువు కొరతయే యని పెక్కు ప్రయోగములతో స్థాపించెను. సముద్రతీరమున గాలి యొత్తిడి నూరు పాళ్లనుకొన్నచో, 3,583 మీటర్ల యెత్తుననున్న కేదారనాథమున అది యించుమించు అరువదియైదు పాళ్లు. 8,849 మీటర్ల ఎవరెస్టుపై మూడవవంతు మాత్రమే.

ఈ రెండు కథలును ఎచ్చట కలిసెనో చూడుడు. 1928లో మ్యుల్లర్ అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఒక బూజునుండి గ్లూకోజు ఆక్సిడేజు అను కిణ్వమును కనుగొనెను. అది తక్కిన చక్కెరల జోలికి అంతగా పోక గ్లూకోజునే పట్టుకొనును. అయితే పట్టుకొన్నప్పుడెల్ల దానికి ప్రాణవాయువు కావలయును. లీలాండ్ క్లార్కు అను అమెరికా పండితుడు 1956లో ప్రాణవాయువును కొలుచు విద్యుద్యంత్రమును ప్రకటించెను. 1962లో లయన్స్ అను సహచరునితో గూడి, దానిపై ఈ కిణ్వపు పొర నుంచినచో, ఖర్చయిన ప్రాణవాయువునుబట్టి చక్కెరను కొలువవచ్చునని చెప్పెను. షుగరు కొలుచు విద్యుద్యంత్రముల వంశమునకు మూలపురుషుడు ఇదియే. అనగా ఆ వంశము ప్రాణవాయువును కొలుచు యంత్రమునుండియే పుట్టినది. పుట్టుకలోనే దాని బలమును, దాని బలహీనతయు కలవు.

తరువాత వ్రేలిని పొడిచి చుక్క నెత్తురు వేయు పట్టీలు వచ్చెను. 1999లో చర్మము క్రింద సన్నని తీగ నుంచి రేయింబవళ్లు చక్కెరను కనిపెట్టు సెన్సరునకు అమెరికాలో అనుమతి లభించెను. నేడు మన పట్టణములలో మోచేతికి పైన బిళ్లవంటిది అంటించుకొని తిరుగువారు కనబడుచున్నారు. అది కొలుచునది నెత్తురును గాదు, కణముల నడుమ నుండు నీటిని. అందుచే నెత్తుటిలోని మార్పు దానికి కొన్ని నిమిషములు ఆలస్యముగా తెలియును.

కొండపై వచ్చు చిక్కు ఇది. ప్రాణవాయువుతో కలిసి పుట్టు పదార్థమును కొలుచు సెన్సరునకు ఆ వాయువు చాలనిచో, చక్కెర యున్నను కిణ్వము పని సాగదు. అంకె తక్కువగా వచ్చును. పట్టీలలో పెక్కింటియందు ప్రాణవాయువునకు బదులుగా వేరొక ద్రవ్యము విద్యుత్తును మోయును. పల్లమున ఆ రెండింటికి పోటీ. కొండపై ప్రాణవాయువు తగ్గగా ఆ ద్రవ్యమునకే ఎక్కువ పాలు దక్కును. అంకె ఎక్కువగా వచ్చును. కారణము ఒక్కటే, అబద్ధములు రెండు, అవియు పరస్పర విరుద్ధములు. కిలిమంజారో వంటి పర్వతములపై పరీక్షించిన వారికి ఫలితములు ఏకరీతిగా రాకపోవుటకు ఇదియొక హేతువు. చలియు యంత్రమును మందగింపజేయును. ప్రాణవాయువుతో పనిలేని వేరొక కిణ్వముతోను, తీగకు నేరుగా విద్యుత్తు నందించు ఉపాయముతోను ఈ దోషమును చాలవరకు తగ్గించిరి. అయినను ఇట్టి తీగ గల ఒక ప్రసిద్ధ సెన్సరు సూచనపుస్తకమున 3,048 మీటర్ల యెత్తువరకే పనికి హద్దు చెప్పబడినది. కేదారనాథము ఆ హద్దునకు పైనున్నది.

యంత్రముతో పాటు దేహమును మారును. ఎక్కుట వలన చక్కెర ఖర్చగును, ఆకలి మందగించును, శరీరపు ఆయాసము మరల చక్కెరను పెంచును. తలనొప్పి, నీరసము, మాట తడబాటు కొండబాధకును గుర్తులే, చక్కెర పడిపోవుటకును గుర్తులే. అంకె అనుమానమై, గుర్తులు కలగాపులగమైనచో నిర్ణయమెట్లు?

ఇట్లని కొండయెక్కుట మానవలెనని నేననను. ఇన్సులినుపై ఆధారపడిన ఆస్ట్రియా దేశస్థుడు గేరీ వింక్లర్, సముద్రమట్టమునకు దిగువనున్న మృతసముద్రపు తీరమునుండి బయలుదేరి 2006 మే నెలలో ఎవరెస్టు శిఖరము చేరెను. యంత్రమును గుడ్డిగా నమ్మినవానికి అట్టి పని సాధ్యము గాదు.

పూర్వము ఒక ఊరి మానిక మరియొక ఊరి మానికతో సరిపోయెడిది గాదు. వర్తకుడు తన ఊరి మానికను దొంగదనలేదు. ఎచ్చటి కొలత అచ్చటికే చెల్లునని యెరిగి బేరమాడెను. ఇంద్రియము దోషరహితమైనప్పుడే ప్రత్యక్షము ప్రమాణమని తార్కికులు చెప్పుదురు. యంత్రమును మనము చేసికొన్న ఇంద్రియమే. దానికిని అదే నియమము.

కావున యాత్రకు పోవు పెద్దలు ముందుగా తమ వైద్యుని అడిగి, తమ యంత్రపు హద్దెంతో తెలిసికొనవలెను. సెన్సరుతో పాటు పట్టీల మీటరును గూడ వెంట నుంచుకొని, దానిని ఒంటి వెచ్చదనమున దాచవలెను. ఇన్సులిను గడ్డకట్టనీయరాదు. బెల్లమో చక్కెరయో కొంగున నుండవలెను. తోడివానికి తన వ్యాధి సంగతి చెప్పియుంచవలెను. అంకె యొకటి చెప్పి ఒడలు వేరొకటి చెప్పినప్పుడు మరల కొలిచి చూడవలెను. అప్పటికిని సందేహము తీరనిచో దిగువకు దిగవలెను. కేదారేశ్వరుడు మరుసటి యేడును అచ్చటనే యుండును.